పాతబస్తీ ఇళ్ళలో స్నానపుగది సామాను, మందుల నిల్వ

హైదరాబాదు పాతబస్తీ ఇళ్ళలో స్నానపుగది సామానును, ఇంటి మందులను భద్రపరచుకొనే పద్ధతులు ఆ ప్రాంతపు గృహనిర్మాణానికి, నీటి సరఫరాకు, వైద్య సంప్రదాయాలకు అనుబంధంగా రూపొందినవి. మూసీ నదికి దక్షిణాన, 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా నిర్మించిన చార్మినారు చుట్టూ విస్తరించిన ఈ ప్రాంతంలో వందేళ్ళ నాటి దేవిడీలు, ఇరుకు గల్లీలలోని పెంకుటిళ్ళు, కొత్త అపార్టుమెంట్లు పక్కపక్కనే కలవు. ఈ ఇళ్ళలో సామానుకు ప్రధానంగా మూడు చోట్లు కనిపిస్తాయి. అవి గోడలోని గూడు (స్థానికంగా తాఖ్), వాష్‌బేసిను కింది ఖాళీ, అద్దపు తలుపు గల చిన్న గోడబీరువా. వీటిలో మొదటిది పాతది, మిగిలిన రెండూ నల్లా నీటితో పాటు వచ్చినవి.

పూర్వరంగం

పాత దేవిడీలలో గుసుల్‌ఖానా (స్నానపుగది) నివాసపు గదులకు దూరంగా, వాకిలికి ఒక పక్కన ఉండేది. మరుగుదొడ్డి అంతకంటె దూరంగా ఉండేది. సున్నపు గచ్చుతో కట్టిన మందపాటి గోడలలోనే గూళ్ళు వదిలేవారు. కుంకుడుకాయలు, శీకాయ, సున్నిపిండి, పళ్ళపొడి, తలనూనె వీటిలో ఉండేవి. నీటికి రాగి గంగాళం, దానిపక్కన మూతికొమ్ము గల బద్నా. గది ఆరుబయటకు తెరచుకొని ఉండటం వలన, వాడకం తరువాత నేల, గోడ త్వరగా ఆరిపోయేవి. మందులు మాత్రం అక్కడ ఉండేవి కావు. పెద్దవారి పడకగదిలో తాళం వేసే చెక్కపెట్టెలోనో, వంటింటి పై అరలోనో ఉండేవి. ఈ అలవాటును ఎవరూ శాస్త్రమని చెప్పుకోలేదు గాని, నేటి ఔషధ నిల్వ నియమాలతో పోల్చి చూస్తే కొత్త ఇళ్ళలోని అమరిక కంటె అదే మెరుగైనది.

ధనికుల ఇళ్ళలో సామాను నిల్వ అనేది ఒక ప్రత్యేక ఏర్పాటుగా ఉండేది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దుస్తుల కొరకు పురానీ హవేలీలో నిర్మించిన రెండంతస్తుల చెక్క బీరువాల వరుస నేటికీ నిజాం మ్యూజియంలో ఉన్నది. పై అంతస్తుకు వెళ్ళడానికి చేతితో తిప్పే చెక్క లిఫ్టు కూడా ఉన్నది. దానికీ సామాన్యుని గోడగూటికీ పోలిక లేదు, అయితే వస్తువును నేలకు ఎత్తుగా, తడికి దూరంగా ఉంచవలెనన్న సూత్రం రెండింటిలోనూ ఒక్కటే.

1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద తరువాత నగరపు నీటి వ్యవస్థ మారినది. నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరద నివారణకు జలాశయాలను సూచించినారు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తి అయినవి. నగరానికి భూగర్భ మురుగునీటి పథకాన్ని రూపొందించడంలోనూ ఆయన పాత్ర ఉన్నది. నల్లా, మురుగుగొట్టం రెండూ ఇంటిలోనికి వచ్చిన మీదట స్నానపుగది, మరుగుదొడ్డి ఇంటి లోపలికి, క్రమంగా ఒకే గదిలోనికి చేరినవి. కిటికీకి బదులు చిన్న వెంటిలేటరు మిగిలినది. తడి ఆరని ఆ గదిలోనే అద్దపు బీరువా, దానిలో మందులు వచ్చి చేరినవి.

వాష్‌బేసిను కింది ఖాళీ

పాతబస్తీలో ఎక్కువగా కనిపించేవి గోడకు బిగించిన బేసిన్లు, లేదా పింగాణీ స్తంభం మీద నిలిచే బేసిన్లు. వీటి కింద మూసిన అర ఉండదు, ఖాళీ మాత్రమే ఉంటుంది. నల్లా నీరు ప్రతిరోజూ రాని బస్తీలలో ఈ ఖాళీ మొదట నీటికే చెందుతుంది. నిండు బకెట్టు, మగ్గు, ఒక్కొక్కచోట చిన్న డ్రమ్ము ఉంటాయి. మిగిలిన చోటులో చీపురు, ఫినాయిలు, బ్లీచింగు పొడి, మరుగుదొడ్డి కడిగే ఆమ్లం సర్దుతారు. నిల్వ నీటికి మూత తప్పనిసరి. డెంగ్యూను వ్యాపింపజేసే ఈడిస్ దోమ ఇటువంటి శుభ్రమైన నిల్వ నీటిలోనే, పాత్ర గోడకు అంటి గుడ్లు పెడుతుంది. గుడ్డు నుండి దోమ కావడానికి వేసవి వేడిలో సుమారు వారం పది రోజులు చాలు. అందుచేత వారానికి ఒకసారి పాత్రను పూర్తిగా ఖాళీ చేసి, లోపలి గోడను పీచుతో రుద్ది, ఎండబెట్టవలెను. నీటిని మాత్రం మార్చి, గోడ రుద్దకపోతే గుడ్లు అట్లే మిగులుతాయి.

బేసిను కింద వంకర గొట్టం లేదా సీసా ఆకారపు గొట్టం ఒకటి ఉంటుంది. దానిలో ఎల్లప్పుడూ కొంత నీరు నిలిచి ఉండేటట్లు రూపొందించడానికి కారణమున్నది. ఆ నీరే మురుగుకాలువ నుండి దుర్వాసన, వాయువులు, బొద్దింకలు గదిలోనికి రాకుండా అడ్డుపడుతుంది. పండుగకు ఊరు వెళ్ళి పక్షం రోజులకు తిరిగి వచ్చినప్పుడు వేసవిలో ఈ నీరు ఆవిరై, గది కంపు కొట్టుట కద్దు. ఒక మగ్గు నీరు పోస్తే సరిపోతుంది. సామాను సర్దేటప్పుడు ఈ గొట్టానికి చేయి అందేంత చోటు వదలవలెను. లోపల జుట్టు, సబ్బు పేరుకుంటే దానిని విప్పి కడగవలసి ఉంటుంది. గొట్టానికి సంచులు తగిలించడం, డబ్బాలు ఆనించడం వలన కీలు వదులై నీరు కారుతుంది.

అర కట్టించుకొనేవారు ప్లైవుడ్ కంటె పి.వి.సి. పలకను ఎంచుకొనుట మేలు. సాధారణ ప్లైవుడ్ అంచులు తడికి ఉబ్బి పొరలు విడిపోతాయి. అర అడుగుభాగం నేలకు కనీసం జానెడు ఎత్తున ఉంటే నేల కడుగుట సులభం. పాత పద్ధతి ప్రకారం కడప బండ లేదా శహాబాదు బండతో అరలు వేసే మేస్త్రీలు నేటికీ ఉన్నారు. రాతి అర తడికి చెడదు. అయితే ఈ రెండూ సున్నపురాయి జాతికి చెందినవి గనుక, ఆమ్లం చుక్క పడగానే బుసబుస పొంగి నునుపు పోయి మచ్చ మిగులుతుంది. ఆమ్లపు సీసాను రాతి అర మీద నేరుగా పెట్టక, ప్లాస్టిక్ తట్టలో ఉంచవలెను. అదే తట్ట, సీసా కారినప్పుడు ద్రవం పారకుండా కాపాడుతుంది.

సున్నపు గచ్చు గోడలు గల పాత ఇళ్ళలో గోడబీరువా బిగించడం ఇబ్బంది. గచ్చు పైపొరలో మేకు, ప్లగ్గు గట్టిగా నిలువవు. రాతి లేదా ఇటుక భాగం దాకా రంధ్రం వేయవలెను, లేదా నేల మీద నిలిచే సన్నని అలమారు పెట్టుకొనవలెను. బరువైన అద్దపు బీరువా ఊడి పడితే ప్రమాదం సామానుకు మాత్రమే కాదు.

ఒకచోట ఉంచకూడనివి

బ్లీచింగు పొడి, లేదా బట్టలకు వాడే ద్రవరూపపు బ్లీచు, మరుగుదొడ్డి కడిగే ఆమ్లం పక్కపక్కన ఉంచరాదు. మరుగుదొడ్డి శుభ్రం చేసే ద్రవాలలో చాలావరకు హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. ఇది బ్లీచుతో కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. పాఠశాలలో పదవ తరగతి వరకు చదివిన ప్రతివారూ ఈ వాయువు పేరు విన్నవారే, కాని ఇంటిలో దానిని తయారు చేయడం ఎంత తేలికో తెలిసినవారు తక్కువ. క్లోరిన్ గాలికంటె సుమారు రెండున్నర రెట్లు బరువైనది, కనుక నేల దగ్గర పేరుకొంటుంది. పైన చిన్న వెంటిలేటరు మాత్రమే గల గదిలో, వంగి కూర్చొని కడిగే మనిషి ముక్కుకు అది సరిగా అందుతుంది. కళ్ళు మంట, దగ్గు, ఊపిరాడకపోవుట దీని లక్షణాలు. అట్టి సమయంలో నీరు పోయుటకు నిలువక, తలుపు తెరచి వెంటనే బయటకు రావలెను. రెండు రకాలూ ఇంటిలో అవసరమైతే ఒకటి బేసిను కింద, మరొకటి మరొక చోట ఉంచవలెను, ఒకే రోజున రెండింటినీ వాడరాదు.

తోపుడు బండ్ల మీద, కిరాణా దుకాణాలలో విడిగా అమ్మే గాఢ ఆమ్లం విషయమై 2013 జూలైలో సుప్రీంకోర్టు లక్ష్మి కేసులో ఆంక్షలు విధించినది. కొనేవారి వివరాలు పుస్తకంలో నమోదు చేయవలెను, 18 ఏళ్ళ లోపు వారికి అమ్మరాదు. దాడులను అరికట్టుట దీని ఉద్దేశం. అయినప్పటికీ పేరుచీటీ లేని సీసాలో ఆమ్లం ఇంటికి చేరుట పూర్తిగా ఆగలేదు. ఖాళీ అయిన శీతలపానీయం సీసాలో ఆమ్లాన్ని, కిరోసిన్‌ను, ఫినాయిలును పోసి ఉంచుట అన్నింటికంటె ప్రమాదకరమైన అలవాటు. చదువు రాని పిల్లవానికి ఆ సీసా పానీయపు సీసాయే.

తలకు వేసుకొనే రంగులలో కొన్నింటిలో పారాఫినలీన్ డయామిన్ అనే రసాయనం ఉంటుంది. ఇది కడుపులోనికి పోతే ముఖం, మెడ వాచి శ్వాస అడ్డుపడుతుంది, తరువాత మూత్రపిండాలు దెబ్బతింటాయి. తెలుగు రాష్ట్రాల ఆసుపత్రులలో ఈ విషప్రభావానికి గురైనవారిని గురించి వైద్య పత్రికలలో అనేక వ్యాసాలు వెలువడినవి. అద్దం ముందు పౌడరు డబ్బా పక్కన దీనికి చోటు ఇవ్వరాదు. నాఫ్తలిన్ గోళీలు కూడా అటువంటివే. తెల్లగా, గుండ్రంగా పిప్పరమెంటు వలె కనిపించే ఈ గోళీలను మింగితే, జి6పిడి అనే ఎంజైము లోపం గల పిల్లలలో ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమవుతాయి.

అద్దపు బీరువా, మందులు

అద్దం వెనుక మందులు పెట్టే చిన్న బీరువా పాశ్చాత్య దేశాల నుండి వచ్చినది. ఇరవయ్యవ శతాబ్దంలో అమెరికాలో గోడలోనికి పొదిగే బీరువాలకు వెనుక ఒక సన్నని చీలిక కూడా ఉండేది. వాడిన బ్లేడును దానిలో వేస్తే గోడ లోపలికి పడిపోయేది! ఇంగ్లీషులో ఆ అరకు మందుల బీరువా అనే పేరున్నా, మందులకు అది అనువైన చోటు కాదన్నది నేటి వైద్యుల, ఫార్మసిస్టుల ఏకాభిప్రాయం.

కారణం వేడి, తేమ. మనదేశంలో చాలా మందుల పెట్టెలపై 25 లేదా 30 డిగ్రీల సెల్సియస్‌కు మించని చోట, వెలుతురు, తేమ తగలకుండా ఉంచవలెనని ముద్రించి ఉంటుంది. మే నెలలో హైదరాబాదులో బయటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుట సాధారణం. గీజరు వాడే మూసిన గదిలో ప్రతి స్నానానికి గాలి ఆవిరితో నిండిపోతుంది. ఆస్పిరిన్ మాత్ర తేమ తగిలి విచ్ఛిన్నమైతే సాలిసిలిక్ ఆమ్లం, ఎసిటిక్ ఆమ్లం ఏర్పడతాయి. డబ్బా మూత తీయగానే వచ్చే వెనిగర్ వాసనే దీనికి గుర్తు. థైరాయిడ్ మాత్రలు తేమకు, వెలుతురుకు బలం కోల్పోతాయి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకొనే గ్లిజరిల్ ట్రైనైట్రేటు మాత్రలు గాజు సీసాలో వచ్చినట్లయితే ఆ సీసాలోనే ఉంచవలెను, మరొక డబ్బాలోనికి మార్చరాదు. ఓ.ఆర్.ఎస్. పొడి గడ్డకట్టినా, గుళికలు ఒకదానికొకటి అంటుకొన్నా వాటిని పారవేయవలసినదే. చెడిన మందు అన్నిసార్లూ విషం కాకపోవచ్చును, కాని రాత్రివేళ గుండెనొప్పి వచ్చినప్పుడు పని చేయని మాత్ర చేయగల హాని విషానికి తీసిపోదు.

కాబట్టి అద్దపు బీరువాలో దువ్వెన, పళ్ళ బ్రష్షు, గడ్డం గీసుకొనే సామాను, దూది, బ్యాండేజీ వంటివి ఉంచి, మందులను పడకగదిలో ఎండ పడని పై అరకు మార్చుట మంచిది. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బా లేదా స్టీలు డబ్బా చాలు. రోజువారీ మందులకు ఒకటి, అప్పుడప్పుడు వాడేవాటికి ఒకటి, పిల్లల మందులకు ఒకటి విడివిడిగా ఉంటే వెదుకులాట తగ్గుతుంది. వంటగదిలో పొయ్యి పైన, ఫ్రిజ్ పైన ఉంచరాదు, అక్కడ వేడి ఎక్కువ.

మెడికల్ షాపులలో, దవాఖానాలలో స్ట్రిప్పును కత్తిరించి నాలుగైదు మాత్రలు కాగితపు కవరులో ఇచ్చుట మనవద్ద మామూలు. కత్తిరించిన ముక్కపై మందు పేరు గాని, గడువు తేదీ గాని మిగలకపోవచ్చును. కవరు మీద మందు పేరు, మోతాదు, గడువు, ఎవరి కొరకు అన్నది వెంటనే రాసుకొనవలెను. అవసరమైతే ఉర్దూ, తెలుగు రెండింటిలోనూ రాయవచ్చును, మందు వేసే అవ్వకు ఏ లిపి వస్తే అదే ముఖ్యం. పూర్తి స్ట్రిప్పు ఉన్నప్పుడు గడువు ముద్రించిన కొసను చివరిదాకా కత్తిరించకుండా, రెండవ కొస నుండి మాత్రలు తీయాలి. భారతీయ నియమాల ప్రకారం గడువుగా నెల, సంవత్సరం మాత్రమే ఇచ్చినప్పుడు ఆ నెల చివరి రోజు వరకు మందును వాడవచ్చునని అర్థం. స్ట్రిప్పుపై నిలువుగా ఎర్రగీత ఉంటే అది వైద్యుని చీటీ మీద మాత్రమే వాడవలసిన మందు. గతసారి జ్వరానికి మిగిలిన యాంటీబయాటిక్‌ను ఈసారి జలుబుకు వాడుటకు దాచరాదు.

పొడికి నీరు కలిపి తయారు చేసే పిల్లల యాంటీబయాటిక్ సిరప్‌లు చాలావరకు వారం రోజులకే పనికివస్తాయి. కలిపిన తేదీని సీసా మీద రాయవలెను. కంటి చుక్కల మందులు తెరిచిన నెలకు పారవేయుట సాధారణ నియమం. పారాసిటమాల్ విషయంలో మరొక చిక్కు ఉన్నది. పసిపిల్లల చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటే, సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 లేదా 250 మిల్లీగ్రాములు ఉంటాయి. అనగా చుక్కల మందు సిరప్ కంటె నాలుగు లేదా రెండు రెట్లు గాఢమైనది. రెండు సీసాలు ఒకే డబ్బాలో ఉంటే, సిరప్ మూతతో చుక్కల మందును కొలిచి పోసే ప్రమాదమున్నది. ఏ సీసా కొలత మూతను ఆ సీసాకే రబ్బరు బ్యాండుతో కట్టి ఉంచవలెను.

ఇన్సులిన్‌ను తెరిచేవరకు 2 నుండి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్ మధ్య అరలో ఉంచాలి, మంచుగడ్డ కట్టే అరలో కాదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. వాడుకలో ఉన్న సీసాను గది వేడిమి మించని చోట సుమారు నాలుగు వారాలు ఉంచవచ్చును. ఫ్రిజ్ లేని ఇళ్ళలో మట్టి కుండ ఉపాయం అక్కరకు వస్తుంది. పెద్ద కుండలో కొంత నీరు పోసి, దానిలో చిన్న పాత్రను నిలిపి, నీరు తగలకుండా ఇన్సులిన్‌ను ఆ పాత్రలో ఉంచి తడిగుడ్డ కప్పుతారు. నీరు ఆవిరవుతూ లోపలి వేడిని తగ్గిస్తుంది. గాలి పొడిగా ఉండే వేసవిలో ఇది బాగా పనిచేస్తుంది, వానాకాలపు తేమలో ఫలితం తక్కువ.

యునానీ, ఇంటి మందులు

చార్మినారు చెంత ప్రభుత్వ నిజామియా జనరల్ ఆసుపత్రి యునానీ వైద్యానికి పేరొందినది. అందుచేత ఇక్కడి ఇళ్ళలో మాత్రలతో పాటు మాజూన్, ఖమీరా, అర్క్, షర్బత్ వంటివి కూడా కనిపిస్తాయి. చక్కెర పాకం లేదా తేనెతో చేసిన మాజూన్‌లను గాజు లేదా పింగాణీ జాడీలో, పొడి చెంచాతో తీసుకొంటూ వాడవలెను. తడి చెంచా తగిలితే బూజు పడుతుంది. చీమలకు జాడీని నీటి పళ్ళెంలో నిలుపుట పాత ఉపాయమే.

1920లో హకీం మొయిజుద్దీన్ ఫారూఖీ హైదరాబాదులో ప్రారంభించిన జిందా తిలిస్మాత్ దాదాపు ప్రతి ఇంటిలోనూ ఉంటుంది. దీనిలో నీలగిరి తైలం ప్రధాన భాగం, కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు కూడా ఉంటాయి. బొంబాయిలో 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు ప్రారంభించిన అమృతాంజనంలోనూ ఇటువంటి దినుసులు కలవు. ఇవి త్వరగా ఆవిరయ్యే పదార్థాలు, మూత బిగించి చల్లని చోట ఉంచవలెను. చిన్న సీసా, సుపరిచితమైన వాసన కావటం వలన వీటిని కిటికీ మీద అందుబాటులో పెట్టుట వాడుక. కాని కర్పూరం, నీలగిరి తైలం గుక్కెడు మింగినా పసివారికి మూర్ఛలు రావచ్చును. సుర్మా భరిణెలనూ ఈ కోవలోనే చేర్చవలెను. సంప్రదాయ సుర్మాలలో కొన్నింటిలో సీసపు సల్ఫైడు ఉంటుంది, సీసం పిల్లల మెదడు ఎదుగుదలకు హానికరం.

పిల్లల భద్రత

అమెరికాలో 1970 నాటి చట్టం ద్వారా పిల్లలు తీయలేని మూతలు చాలా మందులకు తప్పనిసరి అయినవి. మనదేశంలో అటువంటి మూతలు అరుదు, కనుక ఎత్తు, తాళం ఈ రెండే రక్షణ. ఉమ్మడి కుటుంబంలో తాతయ్య దిండు కింది బి.పి. మాత్రలు, నాయనమ్మ చేతిసంచిలోని చక్కెర మాత్రలు తాళం లోపలి మందుల కంటె తొందరగా పిల్లల చేతికి అందుతాయి. చక్కెర వ్యాధికి వాడే గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్ర ఒక్కటి మింగినా చిన్నపిల్లల రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోగలదు.

ఆమ్లం గాని, కిరోసిన్ గాని మింగినవారిని వాంతి చేయించరాదు. ఉప్పునీరు, గుడ్డు సొన పోయుట మానవలెను. వాంతితో పాటు ఆమ్లం గొంతును రెండవసారి కాలుస్తుంది, కిరోసిన్ ఊపిరితిత్తులలోనికి పోతుంది. మింగిన వస్తువు సీసాను, స్ట్రిప్పును వెంట తీసుకొని ఆసుపత్రికి పోవలెను. 2005లో హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ ఉన్నది. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నెంబరుపై ఉచితంగా సలహా ఇస్తుంది. ఈ రెండు నెంబర్లను బీరువా తలుపు లోపలివైపు అతికించుకొనవచ్చును.

వరద నీరు చేరినప్పుడు

2020 అక్టోబరు 13, 14 తేదీల భారీ వర్షాలకు, తరువాత గుర్రం చెరువు కట్ట తెగుటకు పాతబస్తీ దక్షిణ భాగాలు మునిగినవి. అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబానగర్ వంటి చోట్ల ఇళ్ళలో మనిషి నడుము దాటి నీరు నిలిచినది. వరదలో మురుగుకాలువ నీరు వెనుకకు తన్ని బేసిను, నేల జాలీల గుండా ఇంటిలోనికి వస్తుంది. కనుక బేసిను కింద ఉన్నదంతా మొదట మునిగేది. పల్లపు కాలనీలలో మందులు, వైద్యుని చీటీలు, ఆసుపత్రి కాగితాలు ఒకే జలనిరోధకమైన డబ్బాలో సజ్జ మీద ఉంచుట అవసరం. వరదనీరు తగిలిన మందును, స్ట్రిప్పు పైకి బాగున్నట్లే కనిపించినా, వాడరాదు. మునిగిన బ్లీచింగు పొడి, ఆమ్లపు డబ్బాలను వేర్వేరుగా, చేతికి తొడుగులు వేసుకొని తీయవలెను.

కాలం చెల్లిన మందులు

మిగిలిన మందులను మరుగుదొడ్డిలో పోసి నీరు వదులుట ఇక్కడ సాధారణం. ఆ నీరు చివరకు మూసీలోనికి చేరుతుంది. మురుగునీటి శుద్ధి కేంద్రాలు మందులను పూర్తిగా తొలగించలేవు. 2007లో ప్రచురితమైన ఒక పరిశోధన హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు తెలిపి ప్రపంచ దృష్టిని ఆకర్షించినది. అది మందుల కర్మాగారాల వ్యర్థం. ఇళ్ళ నుండి పోయేది దానితో పోల్చదగినది కాకపోయినా, సూక్ష్మజీవులు మందులకు లొంగకుండా పోయే సమస్యకు అది కూడా తోడవుతుంది.

2025లో కేంద్ర ఔషధ ప్రమాణ నియంత్రణ సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలు 17 మందులను మాత్రమే మరుగుదొడ్డిలో వేయవచ్చునని పేర్కొన్నవి. ఫెంటానిల్, ట్రమడాల్, డయజెపాం వంటి ఈ మందులు ఇతరులు మింగితే ఒక్క మోతాదుతోనే ప్రాణాపాయం కలిగించగలవు గనుక ఈ మినహాయింపు. మిగిలినవాటిని తిరిగి సేకరించే ఏర్పాటు ఉండవలెనని ఆ సంస్థ సూచించినది, కేరళలో ఇటువంటి సేకరణ 2025లోనే ప్రారంభమైనది. సేకరణ కేంద్రం దగ్గరలో లేనివారు మాత్రలను స్ట్రిప్పు నుండి తీసి, వాడిన టీపొడి లేదా మట్టితో కలిపి, మూసిన కవరులో చెత్తబండికి ఇవ్వవచ్చును. ఖాళీ సీసాల మీది చీటీలను చింపివేయవలెను. ఇన్సులిన్ సూదులను మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి, పైన సూదులు అని రాసి విడిగా ఇవ్వవలెను, చెత్తను చేతులతో వేరుచేసే కార్మికులకు సూది గుచ్చుకొనే ప్రమాదమున్నది.